రెండవ కుక్క

ఉదయము పిల్లలు బడికిని, పెద్దలు ఉద్యోగములకును వెడలిపోయిన పిదప ఇంటికి కావలియున్న కుక్క ఏమి చేయును? కొంతసేపు గేటు సందులోనుండి వీథిని చూచును. గోడమీద వ్రాలిన కాకిని చూచి ఒకమారు మొరుగును. తరువాత అరుగుమీద ముడుచుకొని పడుకొనును. సాయంకాలము పిల్లలు వచ్చు వేళకు, ఎవరును పిలువకయే, లేచిపోయి గేటువద్ద నిలుచును. ప్రతిదినమును దీనిని చూచు ఇంటివారికి జాలి కలుగుట సహజము. "పాపము, దీనికి తోడు లేదు. ఇంకొక కుక్కను తెచ్చినచో రెండును ఆడుకొనును గదా!" అని ఎవరో ఒకరు అనక మానరు. పిల్లలున్న ఇంటిలో ఈ మాట ఒకసారి పుట్టినదా, ఇక దానిని ఆపుట పెద్దల తరము కాదు.

ఆలోచన మంచిదే. కాని కుక్క సాధారణముగా పది పండ్రెండు సంవత్సరములు జీవించును. నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడు చదువు ముగించి ఉద్యోగములో ప్రవేశించు నాటికిని అది ఆ ఇంటనే ఉండును. అందుచేత, తోడు అనగా మనము తలచునది ఒకటి, కుక్క కోరునది మరియొకటి కాదుగదా అని ముందుగా విచారింపవలసియున్నది.

కుక్క తోడేలునుండి పుట్టిన జంతువు. తోడేళ్లు కుటుంబములుగా బ్రతుకును, కలిసి వేటాడును, కలిసి పిల్లలను పెంచును. దీనినిబట్టి కుక్కకును తన జాతివారి గుంపు ఉండి తీరవలెనని పలువురు తలంతురు. ఇందు సగమే నిజము. కుక్క తోడేళ్ల గుంపును విడిచి మానవుని చెంత చేరి వేలకొలది సంవత్సరములైనది. 1914లో జర్మనీ దేశమున, బాన్ నగరమునకు చేరువనున్న ఒబర్‌కాసెల్ అను చోట, రాతిగనిలో పనివారికి ఒక ప్రాచీన సమాధి కనబడెను. అందు ఒక పురుషుని ఎముకలు, ఒక స్త్రీ ఎముకలు, వానితోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలును ఉండెను. అది సుమారు 14,000 సంవత్సరములనాటిది. ఆ పిల్ల పండ్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అది చిన్ననాటనే తీవ్రముగా జబ్బుపడినదనియు, మనుష్యులు దగ్గరనుండి సాకియుండనిచో అన్ని వారములు బ్రతికెడిది కాదనియు 2018లో తెలిపిరి. నాటికి మానవుడు పంట పండించుట ఎరుగడు. ఆవును గాని మేకను గాని మచ్చిక చేసికొనలేదు. పనికిరాని రోగిష్ఠి కుక్కపిల్లను మాత్రము ప్రక్కన కూర్చుండి బ్రతికించుకొన్నాడు!

ఇంతకాలము కలిసి బ్రతికిన ఫలము కుక్క స్వభావములో నిలిచియున్నది. 1996లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధన దీనిని చక్కగా చూపును. ఎనిమిది వారముల ప్రాయమునుండి జంటలుగా కలిసి పెరిగి, ఏడు మొదలు తొమ్మిది సంవత్సరముల వయస్సు వచ్చిన కుక్కలను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. జంటలో ఒకదానిని నాలుగు గంటలపాటు దూరముగా తీసికొనిపోయినను, తన దొడ్డిలోనే మిగిలిన రెండవ కుక్క అంతగా కలత చెందలేదు. తరువాత వానిని ఎన్నడును చూడని క్రొత్త చోటికి కొనిపోయిరి. భయము కలిగినప్పుడు రక్తములో ఎక్కువగు రసము ఒకటి కలదు. ఒంటరిగానున్న కుక్కలో అది పెరిగెను. చిరకాలపు జంటకుక్క ప్రక్కనున్నను పెరిగెను. తమను సాకు మనుష్యుడు దగ్గర కూర్చున్నప్పుడు మాత్రము అది పెరుగలేదు.

కావున గేటువద్ద నిలిచిన కుక్క ఎదురుచూచుచున్నది ఎవరికొఱకో ఊహించుట కష్టము కాదు. ఇంటివారు బయలుదేరగానే తలుపులు గీరి, చెప్పులు కొరికి, గొంతెత్తి ఏడ్చు కుక్కకు మరియొక కుక్కను తెచ్చి ఇచ్చినంత మాత్రమున ఆ బెంగ తీరునని నమ్మరాదు. ఒక్కొక్కప్పుడు క్రొత్తదియు ఆ ఏడుపును నేర్చుకొనును! అట్టి కుక్కకు కావలసినది ఉదయము ఒక అరగంట, సాయంకాలము ఒక అరగంట నడక. ఇంటివారిలో ఎవరైనను దానితో గడపు కొంతకాలము. ఇంటిలో తాతగారుండి, ఆయనకును నడక అవసరమైనచో, రెండు పనులును ఒక్కమారే నెరవేరును. దీనితోనే కుక్క కుదుటపడిన ఇండ్లలో రెండవ కుక్క ప్రసక్తి తనంతట తానే సన్నగిల్లును.

అట్లని రెండవ కుక్క వ్యర్థమని తలపరాదు. మనుష్యుడు ఎంత ప్రేమించినను కుక్కతో కుక్కవలె ఆడలేడు. ముందుకాళ్లు నేలకు ఆనించి, నడుము పైకెత్తి ఒక కుక్క వంగినచో, అది ఆటకు పిలుపు. ఆ పిలుపు తరువాత కరచినట్లు నటించినను, పడద్రోసినను రెండవ కుక్క కోపింపదు. పెద్ద కుక్క చిన్నదానితో ఆడునపుడు తానే వెల్లకిల పడి ఓడినట్లు నటించుటయు కలదు. కాని తోక ఆడించుచున్నది గదా అని ప్రతి కుక్కను స్నేహశీలియని అనుకొనుట పొరపాటు. ఇటలీ శాస్త్రజ్ఞులు 2007లో కనుగొన్నదేమనగా, కుక్క తన యజమానుని చూచినపుడు తోకను తన కుడివైపునకు ఎక్కువగా ఊపును. తనపై పెత్తనము చేయజూచు క్రొత్త కుక్కను చూచినపుడు ఎడమవైపునకు ఎక్కువగా ఊపును. మన కంటికి రెండును ఒకటే.

ఇట్టి తోటి ఆటకానిని కోరు కుక్క ఏదియో, కోరనిది ఏదియో తెలిసికొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. వీథిలో నడుచునపుడు ఇతర కుక్కలు కనబడగా అది ఏమి చేయునో నెలదినములు గమనించిన చాలును. ఆడుటకు ఉబలాటపడునది ఒకటి, చూచియు చూడనట్లు పోవునది ఒకటి, వెండ్రుకలు నిక్కబొడుచుకొని గుర్రుమనునది ఒకటి. మొదటిదానికి తోడు తెచ్చిన మేలు. రెండవదానికి తోడు లేకున్నను లోటు లేదు. మూడవదానికి తెచ్చుట, ఒక్క ఇంటిలో రెండు కాపురములు పెట్టుటయే.

ఇక వయస్సు సంగతి. ముసలి కుక్కకు హుషారు కలుగునని కొందరు చిన్నపిల్లను తెత్తురు. కీళ్లనొప్పులతో మెల్లగా లేచు కుక్క చెవులు పట్టి, తోక పట్టి ఆ పిల్ల రోజంతయు లాగుచుండును. ఇది ముసలిదానికి వినోదము కాదు, శిక్ష. నెమ్మదిగల నడివయస్సు కుక్కయే అట్టి ఇంటికి తగినది. పిల్లనే తెచ్చునెడల, ఎనిమిది వారములు నిండకమునుపు తల్లినుండి వేరుచేయరాదు. తోబుట్టువులతో ఆడి, ఎంత గట్టిగా కరచిన ఎదుటివారికి నొప్పి కలుగునో ఆ పిల్ల అప్పుడే నేర్చుకొనును. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలమున కుక్కపిల్ల చూచిన మనుష్యులు, జంతువులు, ధ్వనులు దాని జీవితమంతయు పరిచితములుగా నిలుచునని అమెరికా శాస్త్రజ్ఞులు స్కాట్, ఫుల్లర్ అనువారు 1965లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. ఒక్క ఈతలో పుట్టిన రెండు పిల్లలను కలిపి తెచ్చుకొనుట చూచుటకు ముచ్చటగా ఉండును గాని, అవి ఒకదానికొకటి అంటిపెట్టుకొని మనుష్యుల మాట సరిగా నేర్వకపోవుటయు కలదు.

సామాన్యముగా ఆడుకుక్కయు మగకుక్కయు సులభముగా పొసగును. కాని ఆడుకుక్క సంవత్సరమునకు దాదాపు రెండుమారులు ఎదకు వచ్చును. చూలు నిలిచిన సుమారు 63 దినములకు ఐదారు పిల్లలు పుట్టును. తోడు కావలెనన్న ఇంటిలో ఎనిమిది కుక్కలైన పిదప విచారించి ఫలములేదు. పశువైద్యునిచే ముందే శస్త్రచికిత్స చేయించుట ఉత్తమము. టీకాలును అట్లే. 1978 ప్రాంతమున లోకమంతట వ్యాపించిన పార్వో అను అంటువ్యాధి ఎన్నో కుక్కపిల్లలను చంపుచున్నది. ఆ వ్యాధితో ఒక పిల్ల చనిపోయిన పెరటి మట్టిలో దాని క్రిమి నెలల తరబడి చావక ఉండును. అట్టి ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను తేరాదు. రేబీస్ టీకా రెండు కుక్కలకును తప్పనిసరి, అది ఇంటిల్లిపాదికిని రక్ష. తిండి, మందు, టీకా అన్నియు ఇక రెండింతలు. ఊరికి పోవలసివచ్చినపుడు రెండు కుక్కలను చూచుకొను పొరుగువారు దొరకుట మాత్రము రెండింతలకంటె ఎక్కువ కష్టము.

ఈ లెక్కలు ముందుగా వేసికొననివారు ఆరునెలలకు ఆ కుక్కను ఊరి వెలుపల విడిచి వత్తురు. ఇంటి అన్నమునకు అలవడిన కుక్క వీథికుక్కల నడుమ బ్రతుకుట ఎట్లు? మహాభారతమున ధర్మరాజు తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని పట్టుపట్టెను. ఆ కుక్కను ఆయన కొనలేదు, పిలువలేదు, అది తనంతట వచ్చినది. ఆదిపర్వమునందు సరమ అను దేవశునకము, తన కొడుకు ఏ తప్పును చేయకుండగనే దెబ్బలు తినెనని జనమేజయుని సభలోనే నిలదీసెను. భారతము మొదటను చివరను ఇట్లు కుక్క నిలుచుట గమనింపదగినది.

అన్నియు ఆలోచించి తెచ్చుటకే నిశ్చయించినచో, మొదటి పరిచయము ఇంటిలో చేయింపరాదు. ఇల్లు మొదటి కుక్క రాజ్యము. దానికి చెందని ఖాళీ స్థలములోనో, మైదానములోనో ఇద్దరు మనుష్యులు ఒక్కొక్క కుక్కను గొలుసుతో పట్టుకొని, మొదట దూరముగాను, పిదప దగ్గరగాను ఒకే దిక్కునకు నడిపింపవలెను. ముఖాముఖిగా నిలబెట్టుటకంటె ప్రక్కప్రక్కన నడిపించుట మేలు. తరువాతనే రెంటిని కలిపి ఇంటిలోనికి తేవలెను. పళ్లెములు వేరు, తావులు వేరు. ఎముకలు, బంతులు కొన్నాళ్లు కంటబడకుండ దాచవలెను. పాతది గుర్రుమన్నపుడు దానిని కొట్టుట చాలమంది చేయు తప్పు. ఆ గుర్రు ఒక హెచ్చరిక. హెచ్చరికకు దెబ్బలు తిన్న కుక్క, మరునాడు హెచ్చరింపకయే కరచును. క్రొత్తదానిని నెమ్మదిగా ఆవలికి తీసికొనిపోయిన చాలును. పిల్లలు క్రొత్తదాని చుట్టు మూగి పాతదానిని మరచుట కూడ సాధారణము. బడినుండి రాగానే మొదట పాత కుక్క తల నిమిరిన, అది చాలవరకు సమాధానపడును.

ఇంటిలో ఎవరును లేనపుడు రెంటిని వేరు గదులలో ఉంచవలెను. కొన్ని జంటలు పక్షము దినములలో కుదుటపడును, కొన్నిటికి రెండు నెలలును చాలవు. రెండును తమంతట తాము ఒకే గోనెపట్టామీద వీపులానించి నిద్రించునాటికి గదుల తలుపులు తెరచియుంచవచ్చును. పళ్లెములు మాత్రము అప్పటికిని వేరుగానే ఉండవలెను.