శీతల మరుభూములకు దారిలెక్క

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలోనున్న ఇబ్రహీంపట్నము తన పేరులోనే ఒక దూరప్రయాణపు కథను దాచుకొన్న ఊరు. గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఈ ఊరికిని, ఊరి ప్రక్కనున్న పెద్దచెరువుకును నిలిచియున్నది. ఆయన తెలుగు కవులను ఆదరించిన ప్రభువు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. కాని ఆయన తండ్రి సుల్తాన్ కులీ పుట్టినది తెలుగుదేశమున కాదు. ఇరాన్ పీఠభూమిపై, సముద్రమట్టమునకు ఇంచుమించు 1,800 మీటర్ల యెత్తున నున్న హమదాను నగరమున. ఆ చలికొండల బిడ్డ దక్కనుకు వచ్చి రాజ్యము స్థాపింపగా, ఆయన కుమారుని చెవికి తెలుగు పద్యము తీయనయ్యెను.

కొండలును ఎడారులును మనుష్యులను వేరుచేయునని భూగోళపాఠము చెప్పును. వాటిని దాటివచ్చినవారివలననే దేశములు కలిసినవని చరిత్రపాఠము చెప్పును. లడఖ్, టిబెట్టు, పామీరు మొదలైన ఎత్తైన మరుభూములను మోటారుబండిపై దాటి, దేశమునుండి దేశమునకు పోవలెనను కోరిక నేటి యువకులలో కనబడుచున్నది. కోరిక మంచిదే. అయితే బండి కదలుటకు ముందే వేయవలసిన లెక్క ఒకటి కలదు. ఆ లెక్క తప్పినచో పోవునది ధనము మాత్రమే కాదు, ప్రాణము. అదియు తనదొక్కటే కాదు, తనను నమ్మి వెంటవచ్చినవారిది.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమును విడిచి, ఇంచుమించు నూరుమంది పరివారముతో కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. ఆ పదునైదు మాసముల దినచర్యయే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యెను. మజిలీల నడుమ దూరము, దారిలోని వాగులు, నీటివసతి, అంగళ్ళలో దొరకు సరకులు అన్నియు ఆయన కలమునకు ఎక్కినవి. పల్లకీలు పోయి జీపులు వచ్చినను మజిలీ, నీరు, సరకు అను మూడు ప్రశ్నలు మారలేదు. కొండయెత్తులకు పోవువానికి నాలుగవ ప్రశ్న ఒకటి వాటితో చేరును. అది గాలి.

గాలి లెక్క

ఇబ్రహీంపట్నము సముద్రమట్టమునకు ఐదారువందల మీటర్ల యెత్తున నున్నది. లేహ్ పట్టణము 3,500 మీటర్లు. తజికిస్తానులోని ముర్గాబు 3,600 మీటర్లు. దానికి ఉత్తరమున, పామీరు రహదారిపైనున్న అక్‌బైతల్ కనుమ 4,655 మీటర్లు. 5,000 మీటర్ల యెత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో సగమునకు కొంచెము మించియుండును. ఒక్క ఊపిరిలో అందు ప్రాణవాయువును ఆ మేరకే తగ్గును. శరీరము దీనికి అలవాటు పడగలదు. కాని దానికి దినములు కావలెను. మనుష్యుని తొందర దానికి పట్టదు.

3,000 మీటర్లు దాటిన పిదప, రాత్రి నిద్రించు చోటు దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదనియు, మూడు నాలుగు దినములకొకసారి ఉన్నచోటనే విశ్రమింపవలెననియు వైద్యుల నియమము. తలనొప్పి, వికారము, నిద్రలేమి మొదటి హెచ్చరికలు. అవి తగ్గువరకు పైకి పోరాదు. నడక తూలినను, మాట తడబడినను, కూర్చున్నచోటనే ఆయాసము వచ్చినను తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే క్రిందికి దిగవలెను. ఈ అపాయము నడచువానికంటె బండిలో పోవువానికే ఎక్కువ. కాళ్ళు అలసి తామే ఆగిపోవును. ఇంజను అట్లు ఆగదు. అది ఒక్క పూటలో మనిషిని రెండువేల మీటర్లు పైకెక్కించి విడుచును.

క్రమముగా ఎక్కుటలోని బలమునకు తెలంగాణ బిడ్డలే సాక్షులు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్‌లు 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమును టిబెట్టు వైపునుండి ఎక్కిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. వారి తొలిపాఠము భువనగిరి కోటగుట్ట రాతిపై జరిగినది, మలిపాఠము డార్జిలింగున, ఆ తరువాతిది లడఖ్ చలిలో. శిఖరముపై నిలిచినది కొద్ది నిమిషములు; దాని వెనుకనున్నవి నెలల మెట్లు.

గాలి పలుచబడినచోట ఇంజనుకు సైతము ఆయాసమే. టర్బో లేని ఇంజను ప్రతి వేయి మీటర్లకు ఇంచుమించు పదవవంతు బలము కోల్పోవును. వంటయు మారును. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీరు మరుగు వేడిమి తగ్గుటచే, 4,500 మీటర్ల యెత్తున నీరు 85 డిగ్రీలకే మరగును. ఎసరు కళపెళ కాగుచున్నను బియ్యము సరిగా ఉడుకదు. అన్నము లేనిదే పూట గడువని తెలుగువాడు ప్రెషర్ కుక్కరును మరచినచో, భౌతికశాస్త్రమును ఆకలిమీద నేర్చుకొనవలసివచ్చును.

ఇంధనము, నీరు

మనాలినుండి లేహ్‌కు దారి ఇంచుమించు 430 కిలోమీటర్లు. ఆ దారిలో టాండీ దాటిన పిదప 365 కిలోమీటర్లవరకు పెట్రోలు బంకు లేదని తెలుపు పలక ఏండ్లతరబడి యాత్రికులకు ప్రసిద్ధము. దీనినే తరగతిగదిలో లెక్కగా ఇయ్యవచ్చును. బంకులేని దూరము 400 కిలోమీటర్లు. మైదానమున లీటరుకు 12 కిలోమీటర్లు నడచు బండి, ఎత్తుమీద చిన్న గేరులో గులకరాళ్ళపై పోవునపుడు 8 మాత్రమే నడచును. అనగా 50 లీటర్లు కావలెను. దారి తప్పినను, వంతెన తెగి చుట్టుతిరిగినను అక్కరకు వచ్చుటకు మూడవవంతు అదనము చేర్చగా మొత్తము 67 లీటర్లు. టాంకులో పట్టునది 55 అయినచో, మిగిలిన 12 లీటర్లను డబ్బాలలో మోయవలెను. 400ను 12తో భాగించిన బాలునికి 33 లీటర్లే చాలునని తోచును. అతని భాగహారము తప్పుకాదు. అతడు కొండకు మైదానపు అంకెను వేసినాడు.

నీటి లెక్కయు ఇట్టిదే. మనిషికి దినమునకు త్రాగుటకు 4 లీటర్లు, వంటకు 2 లీటర్లు చొప్పున నలుగురికి మూడు దినములకు 72 లీటర్లగును. ఆ నీటి బరువు 72 కిలోలు. అనగా బండిలో కంటికి కనబడని ఐదవ మనిషి కూర్చున్నట్లే. హైదరాబాదు ప్రాంతమున ఏటికి 80 సెంటీమీటర్ల వాన కురియగా, లేహ్‌లో కురియునది 10 సెంటీమీటర్లకు అటునిటు. కొండకొనపై మంచు మెరయుచున్నను దారిప్రక్క నీరు దొరకునన్న నమ్మకము లేదు. దొరికినచోట అది వాగై అడ్డువచ్చును. మంచు కరగి వచ్చు వాగును ఉదయముననే దాటవలెను. ఎండ యెక్కినకొలది నీరు పెరుగును. ఇసుకలో దిగినపుడు టైర్లలోని గాలిని తగ్గింపవలెను. గట్టినేల చేరగనే మరల నింపవలెను. కావున గాలిపంపు లేని బండి ఎడారిబండి కాదు.

కంటబడిన ప్రతి అంకెను నమ్మరాదు. లడఖ్‌లోని ఖార్‌దుంగ్‌లా కనుమ ఎత్తు 18,380 అడుగులని చాలాకాలము పలకలపై వ్రాయబడినది. ఆధునిక పరికరములతో కొలువగా తేలినది 5,359 మీటర్లు, అనగా సుమారు 17,580 అడుగులు. ఒకే విషయమును రెండుచోట్ల సరిచూచుకొనుట యాత్రికునికిని, విద్యార్థికిని సమానధర్మము.

కాగితపు కనుమలు

రాతికనుమలకంటె కఠినమైనవి కాగితపు కనుమలు. పాస్‌పోర్టు, వీసాలు మనిషికి సంబంధించినవి. బండి నడపువానికి రవాణాశాఖ ఇచ్చు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు కావలెను. దాని గడువు ఒక సంవత్సరము. బండికి సైతము ఒక విధమైన పాస్‌పోర్టు కలదు. దానిని కార్నే అందురు. తీసికొనిపోయిన బండిని పరదేశమున అమ్ముకొనక తిరిగి తెత్తునని సుంకపుశాఖకిచ్చు హామీ అది; ఇరాన్ వంటి దేశములలో అది లేనిదే బండిని సరిహద్దు దాటనియ్యరు. చైనాలో మన పర్మిటు చెల్లదు. అచ్చటి తాత్కాలిక లైసెన్సును, ముందుగా పొందిన అనుమతిని, వెంట మార్గదర్శిని ఏర్పరచుకొనవలెను. తజికిస్తానులోని పర్వతమయ బదఖ్షానుకు వీసాపై వేరొక అనుమతి అవసరము.

అన్ని కాగితములున్నను దారియే మూతపడవచ్చును. 1955–56లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్‌రోవరు బండ్లలో లండనునుండి మనదేశము మీదుగా సింగపూరు చేరిరి. విశాఖపట్టణపు భరద్వాజ దయాళ 2006లో మోటారుసైకిలుపై ఒంటరిగా బయలుదేరి, ఐదు ఖండములు చుట్టి 2007లో తిరిగివచ్చెను. 2018లో నలుగురు స్త్రీలు హైదరాబాదునుండి మోటారుసైకిళ్ళపై మయన్మారు మీదుగా మెకాంగు నదీదేశములకు పోయిరి. మయన్మారులో 2021 ఫిబ్రవరిలో సైన్యము అధికారమును చేజిక్కించుకొన్న పిదప ఆ దారి నమ్మదగినది కాకపోయెను. పడమట అట్టారీ తనిఖీకేంద్రము 2025 ఏప్రిలులో మూయబడెను. మూసినది తెరచుటయు కలదు: 2021 ఘర్షణలతో మూతపడిన కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్‌ల సరిహద్దు 2025 మార్చి ఒప్పందముతో మరల తెరువబడెను. బండిని ఓడపై పంపుటయో, కిర్గిజ్‌స్తానులోని ఓష్ నగరమువరకు విమానమున పోయి అచ్చట బండిని అద్దెకు తీసికొనుటయో తెలివైన ప్రత్యామ్నాయములు. మన బండిపైననే పోవలెనను పట్టుదల యాత్రకు ప్రాణము కాదు.

మరలవలసిన చోటు

ఇంతటి ఏర్పాటును మించినది మరియొకటి కలదు. 1931 ఏప్రిల్ 4వ తేదీన జార్జి మారీ హార్ట్ అను ఆయన నాయకత్వమున సిట్రోయెన్ కంపెనీవారి బండ్ల బృందము బేరూతునుండి చైనాకు బయలుదేరెను. మొదట అనుకొన్న దారి సోవియట్ భూభాగముగుండా పోవునది, అనుమతి దొరకలేదు. వారు ఆఫ్ఘనిస్తాను మీదుగా శ్రీనగరము చేరి, హిమాలయపు ఇరుకుబాటపై రెండు బండ్లను మాత్రము ముందుకు నడిపిరి. బాట విరిగినచోట బండ్లను ఊడదీసి, భాగములను కూలీల భుజములపై మోయించి, మరల బిగించి గిల్గిత్తు చేర్చిరి. అంతటి పంతముతో తెచ్చిన బండ్లను అచ్చటనే విడిచిపెట్టి, గుఱ్ఱములపై ముందుకు సాగిరి. చైనా వైపునుండి రెండవ బృందము ఇతర బండ్లతో ఎదురువచ్చునట్లు ముందే ఏర్పాటై యుండుటచేతనే అది సాధ్యమైనది. 1932 ఫిబ్రవరి 12న వారు పెకింగు చేరిరి. కాని ఆ ఏడు మార్చిలో హార్ట్ హాంగ్‌కాంగులో న్యుమోనియాతో మరణించెను. బండిని విడువనేర్చిన నాయకునికి సైతము ఆ దారి పూర్తిగా లోబడలేదు.

పాఠశాలలలో ఉపాధ్యాయులు ఇట్టి యాత్ర నొకదానిని పటముపై వేయింపవచ్చును. ఇబ్రహీంపట్నమునుండి లేహ్ వరకు రెండువేల ఐదువందల కిలోమీటర్ల దారి మొదటి పాఠము. ఓష్ నుండి ముర్గాబు మీదుగా పామీరు రెండవది. ఎత్తులు భూగోళమునకు, మరుగు నీరు విజ్ఞానశాస్త్రమునకు, లీటర్లు గణితమునకు, సరిహద్దులు పౌరశాస్త్రమునకు చెందును. ఒక్క కాగితముపై నాలుగు పాఠములు కలియును.

ఆ కాగితమున దినము, దూరము, ఎత్తు, నీరు, ఇంధనము అను గడులతోపాటు చివర మరియొక గడి ఉండవలెను: ఏ చోట, ఏ గంటకు, ఏ లక్షణము కనబడినచో వెనుదిరుగవలెను? ఇది ఇంటివద్ద, తల చల్లగా ఉన్నపుడే నింపవలసిన గడి. ప్రాణవాయువు తగ్గినచోట మొదట మందగించునది మనిషి వివేకమే. కనుమ క్రింద నిలిచి, శిఖరము కన్నుల యెదుట మెరయుచుండగా సరియైన నిర్ణయము పుట్టుట అరుదు. వెనుదిరిగినవాడు మరుయేడు మరల పోగలడు. ఆ చివరి గడి ఖాళీగానున్న పటము, ఎంత అందముగా గీయబడినను, మార్కులకు తగినది కాదు.