గుఱ్ఱపు దవడలో కంతి: కోత, కోలుకొనుట

మన అనకాపల్లి ప్రాంతపు రైతునకు ఎద్దు తెలిసినంతగా గుఱ్ఱము తెలియదు. కాని పడమటి కొండలలో, బండి దారి లేని గ్రామములకు నేటికిని గుఱ్ఱమే బరువు మోయుచున్నది. దాని పిల్ల దవడపై గడ్డ లేచినచో కొందరు వాత వేయుదురు; కొందరు ఆశ వదలుకొందురు. రెండును తగవు.

దవడ వాపులన్నియు కంతులు కావు. రెండున్నర మొదలు నాలుగేండ్ల ప్రాయములో దవడపండ్లు మారునపుడు క్రింది దవడ అంచున బొడిపెలు లేచి, తమంతట తామే అణగిపోవును. పంటి వేరు చీముపట్టినచో వాపు పగిలి చీము కారును. రెండు దవడల నడుమ వాపు, జ్వరము, ముక్కున చీము కలిసి కనబడినచో అది అంటువ్యాధి కావచ్చును. ఆ పశువును వెంటనే వేరుగా కట్టవలెను.

నిజమైన కంతులలో ఆసిఫైయింగ్ ఫైబ్రోమా యనునది తరచుగా ఏడాది లోపు పిల్లలకు, క్రింది ముందుపండ్ల చెంత పుట్టును. గట్టిగా పెరిగి పండ్లను ప్రక్కకు నెట్టును. ఇతర అవయవములకు ప్రాకదు గాని ఉన్నచోట ఎముకను తినివేయును. ఎక్స్‌రే వలనను, చిన్న ముక్క తీసి పరీక్షించుట వలనను దీనిని నిర్ధారింతురు.

దీనికి ముఖ్యమైన చికిత్స కోతయే. పశువునకు మత్తిచ్చి, కంతిని, దానితోకూడ ఉన్న ముందుపండ్లను, చుట్టునున్న కొంత మంచి ఎముకను కోసి తీసివేయుదురు. "పండ్లు పోయిన గుఱ్ఱము ఎట్లు తినును?" అని మీరడుగవచ్చును. ముందుపండ్లు గడ్డి కొఱుకుటకే. మేతను కూడదీయునవి పెదవులు, నమలునవి దవడపండ్లు. కావున తరిగి వేసిన పచ్చిక తిని అది చక్కగా బ్రతుకును. నాలుక కొంచెము బయటకు వ్రేలాడినను, అది చూపునకే లోపము. అయితే కంతి చిన్నదిగా ఉన్నపుడే కోయించవలెను. క్రింది దవడ రెండు భాగములు కలియు చోటు దాటి పెరిగినచో దవడకు పట్టు తప్పును.

కోత పిమ్మట నానిన తవుడు, లేత పచ్చిక పెట్టవలెను. మేత తిన్నపుడెల్ల గోరువెచ్చని ఉప్పునీటితో నోరు కడుగవలెను. గాయము మానువరకు కళ్లెము వేయరాదు. గుఱ్ఱమునకు ధనుర్వాతము సులభముగా సోకును గనుక దానికి సూదిమందు తప్పనిసరి. దుర్వాసన, జ్వరము, మేత మానుట కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. కంతి కొంచెము మిగిలినను మరల పెరుగును. గాయము మానిన తరువాతను అప్పుడప్పుడు పరీక్ష చేయించుట మేలు.

ఎడ్లు గలవారికి ఒక మాట. ఎద్దు దవడ ఎముకపై లేచు గట్టి వాపు తరచుగా కంతి కాదు. సూక్ష్మజీవి వలన కలుగు రోగము. జర్మనీలో బోలింగర్ 1877లో దీనిని వర్ణించెను. దీనికి మందు వేరు. అదియు తొలిదశలోనే పనిచేయును.

ఇట్టి కోత ప్రతి గ్రామపు ఆసుపత్రిలోను జరుగదు. ముందుగా మీ పశువైద్యునికి చూపి, విజయనగరము జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలకుగాని, మరియొక చోటికిగాని తీసికొనిపోవలెనేమో అడుగుడు. లారీ బాడుగ ఒక్కనికి భారమైనచో సంఘ సభ్యులు పంచుకొనవచ్చును. ఒక పిల్ల పోయినచో, కొండదారిలో రేపటి బరువు మనుష్యుల తలలపైననే పడును.