మరుగుదొడ్డిలో నీళ్లు ఎక్కడ ఆగినయి?

2021 వానాకాలం. ఒకరోజు పొద్దున్నే మా ఎదురింటి అత్త వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"బిడ్డా, మా లెట్రిన్ల నీళ్లు పోతలేవు. బకెట్ నీళ్లు కొట్టినా బేసిన్ల అట్లనే నిలుస్తున్నయి. మేస్త్రి వచ్చి చూసిండు. బేసిన్ పలగ్గొట్టి కొత్తది పెట్టాలె అన్నడు. ఇప్పుడు పైసలు యాడికెల్లి తేవాలె?" అంది.

ఆ ఇంట్లో ఐదుగురు ఉంటారు. అప్పుడు కోడలికి ఏడో నెల. లెట్రిన్ పాడై రెండు రోజులైంది. ఆ రెండు రోజులూ ఆ పిల్ల తెల్లవారక ముందే చెంబు పట్టుకొని, వానలో తడుసుకుంటూ కాలువ గట్టు దాకా పోయి వచ్చింది. ఒకసారి బురదలో కాలు జారిందట కూడా.

"అత్తా, బేసిన్ పలగ్గొట్టుడు తర్వాత. ముందు నీళ్లు ఎక్కడ ఆగినయో చూద్దాం పా" అన్నాను.

పొలానికి నీళ్లు రాకపోతే మనం ఏం చేస్తాం? కాలువ వెంట నడుస్తాం. ఎక్కడ గండి పడిందో, ఎక్కడ చెత్త అడ్డం పడిందో చూస్తాం. అంతేగాని మడిని తవ్వం. మరుగుదొడ్డికి కూడా అంతే. నీళ్లు పోయే దారి తెలిస్తే సగం పని అయినట్టే.

ఆ దారి ఇట్లా ఉంటుంది. బేసిన్ కింద ఒక వంపు ఉంటుంది. మేస్త్రీలు దాన్ని ట్రాప్ అంటారు. అక్కడి నుంచి పైపు బయటికి వస్తుంది. బయట ఒక చిన్న తొట్టి ఉంటుంది. దాని పేరు చాంబర్. చాంబర్ నుంచి రెండు పైపులు రెండు గుంతలకు పోతాయి. గుంత గోడలకు సందులు ఉంటాయి. అడుగున గచ్చు ఉండదు. నీళ్లు, గాలి ఆ సందుల నుంచి మట్టిలోకి ఇంకిపోతాయి. గట్టిది మాత్రం గుంతలో మిగులుతుంది.

మేము చాంబర్ మూత తీసి చూశాం. ఇక్కడే అసలు సంగతి తెలుస్తుంది. బేసిన్‌లో నీళ్లు నిలిచి, చాంబర్ ఎండి ఉంటే అడ్డం బేసిన్‌కూ చాంబర్‌కూ మధ్యన ఉన్నట్టు. చాంబర్ కూడా నిండి ఉంటే బేసిన్ తప్పు లేదు. అడ్డం ముందుకు, గుంతల వైపు ఉన్నట్టు.

అత్త వాళ్ల చాంబర్ అంచుదాకా నిండి ఉంది. అంటే బేసిన్ పలగ్గొట్టినా ఏమీ లాభం లేకపోయేది. పైసలు పోయేవి, నీళ్లు మాత్రం పోకపోయేవి.

తర్వాత గుంతల మూతలు తీయాలి. ఈ పని జాగ్రత్తగా చేయాలి. మూసిన గుంతలో విషగాలి పుడుతుంది. ఒక రకం గాలి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అది ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు. మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. ఇంకో రకం గాలికి నిప్పు అంటుకుంటుంది. అందుకని బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానీయవద్దు. మూత తీసి దూరంగా నిలబడాలి. తల వంచి చూడవద్దు. లోపలికి ఎవ్వరూ దిగవద్దు. పడ్డవాణ్ని కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు కూడా చనిపోయిన సంగతులు చాలా ఉన్నాయి.

రెండు గుంతలూ నిండి ఉన్నాయి.

"ఆరేండ్లే ఆయె కట్టి! 2015ల కట్టినం. గంతల్నే నిండిందా?" అని మామ అడిగాడు.

ఐదారుగురు ఉన్న ఇంటికి ఒక గుంత సుమారు మూడేళ్లు వస్తుంది. రెండు గుంతలకు ఆరేళ్లు. లెక్క సరిపోయింది. కానీ రెండూ ఒక్కసారే ఎందుకు నిండాయి? చాంబర్‌లో కర్ర పెట్టి చూస్తే దొరికింది. రెండు పైపుల నోళ్లూ తెరిచే ఉన్నాయి. కట్టిన రోజు ఒక నోటికి ఇటుక పెట్టి మూయాలి. కట్టినాయన మూయలేదు. ఇంటివాళ్లకు చెప్పనూ లేదు. నాకు కోపం వచ్చింది. ఇటుక ముక్కకు ఖర్చెంత?

రెండు గుంతల గుట్టంతా ఆ ఇటుకలోనే ఉంది. ఈ పద్ధతిని దేశంలో చాలా ఊళ్లకు తీసుకుపోయినవారిలో బిందేశ్వర్ పాఠక్ ఒకరు. ఆయన 1970లో బీహార్‌లో సులభ్ సంస్థను మొదలుపెట్టారు. ఒక గుంత వాడుతుంటే ఇంకోటి ఖాళీగా ఉండాలి. మొదటిది నిండితే దాని నోరు మూసి, రెండోదాని నోరు తెరవాలి. నిండిన గుంతను రెండేళ్లు ముట్టుకోవద్దు. ఆ రెండేళ్లలో నీళ్లు ఇంకిపోతాయి. రోగాల పురుగులు చస్తాయి. మిగిలేది నల్లని ఎరువు. వాసన రాదు. పార పెట్టి ఎత్తవచ్చు.

నమ్మకం కుదరదు కదా? మా అత్తకూ కుదరలేదు. అప్పుడు గంగదేవిపల్లి సంగతి చెప్పాను. అది వరంగల్ దగ్గరి ఊరు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఆ ఊరికి వచ్చారు. నిండిపోయి, ఆరిపోయిన ఒక గుంతలోకి స్వయంగా దిగారు. ఎరువును ఎత్తి పోశారు. చాలా రాష్ట్రాల అధికారులు అక్కడ ఉండి చూశారు. అంత పెద్ద అధికారి దిగాడంటే అది ఆరిన గుంత కాబట్టే. పచ్చి గుంత అయితే ఎవరూ దిగకూడదు. పచ్చిదాన్ని మనిషి చేత ఎత్తించడం నేరం అని 2013లో చేసిన చట్టం చెబుతుంది.

అత్త వాళ్లవి రెండూ పచ్చి గుంతలే. అందుకని గుంజే బండిని పిలిపించాం. బండివాడు ఒక గుంతను పైపుతో గుంజి ఖాళీ చేశాడు. రెండో గుంత నోటికి ఇటుక పెట్టి, సందుల్లో మట్టి మెత్తాం. సాయంత్రానికి నీళ్లు పోయాయి. కోడలు మొదట వెళ్లి చూసి వచ్చింది. ఏమీ అనలేదు, నవ్వింది.

అందరి ఇండ్లల్లో రోగం ఇదే ఉండదు. చాంబర్ ఎండి ఉంటే ట్రాప్‌లో ఏదో ఇరికినట్టు. గుడ్డపేలిక, వెంట్రుకల ఉండ, గుట్కా ప్యాకెట్, నెలసరి బట్ట, పిల్లలు వేసిన రాయి, ఏదైనా కావచ్చు. దానికి వెదురు బద్ద మంచిది. అది వంగుతుంది. గడ్డపార, ఇనుప చువ్వ పెట్టి పొడవద్దు. ట్రాప్ పగులుతుంది. అప్పుడు నిజంగానే బేసిన్ తీయాల్సి వస్తుంది. యాసిడ్ కూడా పోయవద్దు. గుంతలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు దానితో చస్తాయి.

కాలువ కింద ఊర్లల్ల ఇంకో చిక్కు ఉంది. వానాకాలంలో భూమిలో నీళ్లు పైకి వస్తాయి. గుంత నిండినట్టు కనపడుతుంది. అది మలం కాదు, నీళ్లు. పొడుగు కర్ర దించి చూస్తే తేడా తెలుస్తుంది. కర్ర సులువుగా కిందికి పోయి, అడుగున మెత్తగా తగిలితే నీళ్లే. కొద్ది రోజులు నీళ్లు తక్కువ వాడితే, వాన తగ్గినంక అవే ఇంకుతాయి. స్నానం నీళ్లు, బట్టల నీళ్లు మాత్రం ఎప్పుడూ గుంతలోకి పెట్టవద్దు. తాగునీటి బావి, బోరింగు గుంతకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. ఇంకా ఎక్కువ ఉంటే ఇంకా మంచిది.

నీళ్లు బాగానే పోతాయి, కానీ వాసన వస్తుంది. అప్పుడేం చూడాలి? బేసిన్ లోపలికి చూడండి. ట్రాప్ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉండాలి. సుమారు 2 సెంటీమీటర్లు, బొటనవేలు మందం. ఆ నీళ్లే మూత. గుంతలోని వాసనను, ఈగలను అవే ఆపుతాయి. ఇంటిల్లిపాది భివండికో ముంబైకో పోయి రెండు నెలలకు వస్తే ఆ నీళ్లు ఆరిపోయి ఉంటాయి. ఒక చెంబు నీళ్లు పోస్తే వాసన పోతుంది. ఎన్నిసార్లు పోసినా నిలవకపోతే ట్రాప్ పగిలినట్టు.

దుబాయి నుంచి వచ్చిన మా వాడకట్టు అన్న ఒకాయన అడిగాడు. "విమానంల ఇన్నే నీళ్లు. బటన్ ఒత్తితే గుర్రుమని గుంజుతది. మనం గది పెట్టుకోరాదా?" అని. విమానంలో, ఓడలో నీళ్లు ఎక్కువ మోయలేరు. అందుకని పైపులోని గాలిని తీసేసి ఉంచుతారు. బటన్ ఒత్తితే ఒక తలుపు తెరుచుకుంటుంది. గది గాలి లోపలికి దూసుకుపోతూ అన్నిటినీ ఈడ్చుకుపోతుంది. 2019లో మొదలైన వందే భారత్ రైళ్లలో కూడా ఇట్లాంటివే పెట్టారు. కానీ ఒక్క తలుపు సరిగా మూసుకోకపోతే గాలి దూరుతుంది. ఆ వరుసలో ఉన్న లెట్రిన్లన్నీ గుంజడం మానేస్తాయి. ఓడలో మోటరు ఆగకుండా తిరుగుతుంటే పనివాళ్లు ఒక్కొక్క లెట్రిన్ పైపునే మూసుకుంటూ, గాలి ఎక్కడ దూరుతుందో వెతుకుతారు. వాళ్లు వెతికేది గాలి దారి, మనం వెతికేది నీళ్ల దారి. మనదానికి మోటరు లేదు, కరెంటు లేదు. ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు చాలు.

ఆ రోజు అత్త గుంత మూత మీద తేదీ రాయమంది. తెల్ల పెయింటుతో "ఆగస్టు 2021" అని రాశాను. 2023 చలికాలంలో ఆ గుంత తెరిచారు. నల్లగా, పొడిగా ఉంది. మామ రెండు గంపలు ఎత్తి మామిడి చెట్టు మొదట్లో పోశాడు. మరుసటి ఏడు రెండో గుంత నిండింది. అత్త నన్ను పిలవలేదు. మామ చాంబర్ తెరిచి ఇటుక మార్చాడు. రెండో మూత మీద తేదీ అత్తే రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి, కానీ వాకిట్లో నుంచే చదవవచ్చు.