ఎత్తుమడమల పాదరక్షలు

ఎత్తుమడమల పాదరక్షలనగానే స్త్రీల అలంకారమే మనకు స్ఫురించును. కాని చరిత్రను పరిశీలించినచో, అవి తొలుత పురుషుల పాదములకు అమరినవని తెలియును. పారసీక ఆశ్వికులు రికాబులో పాదము జారకుండుటకై మడమగల జోళ్లు ధరించెడివారు. రికాబుపై లేచి నిలిచి బాణము వేయు యోధునకు ఆ మడమయే ఆధారము. 'రికాబు' అను మాట కూడ పారసీకము ద్వారానే ఉర్దూలోనికిని, తెలుగులోనికిని వచ్చినది.

1599లో షా అబ్బాసు ఐరోపా రాజాస్థానములకు రాయబారులను పంపెను. అట్టి సంపర్కములు పెరిగిన కాలముననే అచ్చటి ప్రభువులును ఎత్తుమడమలను స్వీకరించిరి. 1701లో రిగో చిత్రించిన పదునాలుగవ లూయీ రాజు పటమున ఎఱ్ఱని మడమలు నేటికిని చూడవచ్చును. పనికై పుట్టిన వస్తువు హోదాకు చిహ్నమైనది. పదునెనిమిదవ శతాబ్దమున పురుషులు దానిని క్రమముగా విడువగా, అది స్త్రీల సొత్తయినది.

నేటి రకములలో ముఖ్యమైనవానిని పేర్కొందుము. సన్నని, పొడవైన మడమ గలది స్టిలెటో. ఇటలీ భాషలో ఈ మాటకు చిన్న బాకు అని అర్థము. లోపల ఉక్కు కడ్డీని అమర్చుటచేత 1950లలో రోజె వివియే మొదలగువారికి ఇది సాధ్యమైనది. మూడు నుండి ఐదు సెంటీమీటర్ల ఎత్తు గల సన్నని మడమను కిటెన్ హీలు అందురు. దిమ్మవలె వెడల్పైనది బ్లాక్ హీలు. మడమ నుండి ముందునకు అడుగంతయు ఎడము లేక నిండియుండునది వెడ్జి. 1935లో ఇటలీ ఇథియోపియాపై దండెత్తిన పిదప విధింపబడిన ఆంక్షలవలన ఉక్కు కొరత ఏర్పడగా, ఫెర్రగామో బెండుతో దీనిని రూపొందించెను. వ్రేళ్ల క్రిందను మందపు అట్ట గలది ప్లాట్‌ఫారము.

వీని గుణదోషములను భౌతికశాస్త్రము తెలుపును. 50 కిలోల బరువు గల స్త్రీ భారములో సగము ఒక చదరపు సెంటీమీటరు మడమపై పడినను, ఆ చోట 25 కిలోల ఒత్తిడి కలుగును. బ్లాక్ హీలు, వెడ్జి ఆ భారమును విస్తరింపజేయును. మడమ ఎత్తైనకొలది శరీరభారము వ్రేళ్ల మొదళ్లపైకి ఒరగును. పిక్క కండరములు కుంచించుకొనును. కావున నిత్యము దూరము నడుచువారికి తక్కువ ఎత్తు, వెడల్పు మడమ మేలు.

ఇట్టి శ్రమను ఉద్యోగ నియమముగా విధించుట న్యాయమా? 2015లో లండనులో ఎత్తుమడమలు ధరింపనందుకు ఒక యువతిని జీతము లేకయే ఇంటికి పంపిరి. ఆమె విజ్ఞాపనపై లక్షన్నరకు పైగా సంతకములు చేరగా, 2017లో బ్రిటిషు పార్లమెంటు చర్చించినది. అదే యేట కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రము అట్టి నిర్బంధమును నిషేధించినది.

అందమును మేము కాదనము. ఆశ్వికుడు తన పనికి అవసరమని మడమను ఎన్నుకొనెను. నేటి స్త్రీకిని అట్లే ఎన్నుకొను స్వేచ్ఛ ఉండవలెనని మా అభిప్రాయము.