వుజూ నీటిలోనూ పొదుపు

దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా మొదలు ఐదు ముద్‌ల వరకు నీటితో గుసుల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ముద్ అంటే నేటి కొలతలో సుమారు ముప్పావు లీటరు. హనఫీ లెక్కన చూసినా దాదాపు లీటరే. నాలుగు ముద్‌లు ఒక సా.

మరి మనం ఎంత వాడుతున్నాం? ఈ రోజే కుళాయి కింద బకెట్ పెట్టి వుజూ చేసి చూడండి. మిస్వాక్ చేస్తున్నా, తలకు మసహ్ చేస్తున్నా కుళాయి పారుతూనే ఉంటుంది. బకెట్లో చేరిన నీటిని ఐదు పూటలతో, ఇంట్లో నమాజు చేసేవారి సంఖ్యతో గుణించండి.

నీరు వృథా అయితే కరెంటూ వృథా అయినట్లే. హైదరాబాద్‌కు కృష్ణా జలాలు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్ల మీదే వస్తాయి. ఇక వేసవిలో బోర్లు ఎండితే ట్యాంకరు ముందు బిందెలతో నిలబడేది మన పొరుగువారే.

పిల్లలకు లోటాతో వుజూ చేయడం నేర్పండి. సబ్బు కలవని ఆ నీటిని మొక్కలకు పోయండి. మస్జిదు కమిటీలు వుజూఖానా నీటిని చెట్లకు మళ్లించవచ్చు. వుజూ రోజూ చేసేదే కనుక ఈ పొదుపు త్వరగానే అలవాటవుతుంది.