కిరీటం దక్కింది, నిద్ర కరవైంది

ఆశకు అంతులేదంటారు పెద్దలు. అంతులేని ఆశ మనిషిని ఏ తీరానికి చేరుస్తుందో షేక్‌స్పియర్ మహాకవి తన ‘మాక్బెత్’ నాటకంలో కళ్లకు కట్టాడు. 1606 ప్రాంతంలో రచించినట్లు పండితులు భావించే ఈ నాటకం 1623లో తొలిసారి అచ్చయింది. ఆయన విషాదాంత నాటకాలన్నింటిలోకీ చిన్నది ఇదే. ఒక్క హత్య అన్యోన్యులైన దంపతులను చెరొక దారికి నెట్టి, ఇద్దరినీ ఒంటరులను చేయడం ఇందులోని అసలు విషాదమని మా అభిప్రాయం.

మాక్బెత్ పుట్టుకతో దుర్మార్గుడు కాడు. స్కాట్లండ్ రాజు డంకన్ కొలువులో పేరెన్నికగన్న సేనాని. యుద్ధంలో గెలిచి, మిత్రుడు బాంకోతో తిరిగి వస్తుండగా ముగ్గురు మంత్రగత్తెలు ఎదురవుతారు. అతడు కాడర్ ప్రభువవుతాడనీ, పిమ్మట రాజవుతాడనీ జోస్యం చెబుతారు. కొద్దిసేపటికే కాడర్ పదవి లభించిన వార్త అందుతుంది. మనం గమనించవలసినదేమంటే, రాజును చంపమని వారు ఎక్కడా చెప్పలేదు. ఆ తలంపు మాక్బెత్ మనసులోనే మొలకెత్తింది. తన సంతతి రాజ్యమేలుతుందని అదే చోట విన్న బాంకో కత్తి దూయలేదు గదా!

చరిత్రలోని డంకన్ 1040లో మాక్బెత్ సేనతో జరిగిన పోరులో మరణించాడు. ఆ తరువాత మాక్బెత్ 17 సంవత్సరాలు రాజ్యమేలాడు. నాటకానికి ఆధారమైన హాలిన్షెడ్ చరిత్ర గ్రంథంలో డంకన్ మెతకవాడైన పాలకుడు. షేక్‌స్పియర్ అతనిని సౌజన్యమూర్తి అయిన వృద్ధునిగా మలచి, అదే గ్రంథంలోని మరొక రాజహత్య వృత్తాంతాన్ని ఈ కథకు జోడించాడు. అందువలన నాటకంలో డంకన్ మాక్బెత్ ఇంటికే అతిథిగా వచ్చి, నిద్రలో హతుడవుతాడు. సౌప్తిక పర్వం ఎరిగిన మనకు నిద్రించేవారిని చంపడం ఎంతటి పాతకమో వేరుగా చెప్పనక్కరలేదు.

హత్యకు ముందు వెనుకాడినవాడు భర్త, పురికొల్పినది భార్య. బంధువును, ప్రభువును, అతిథిని ఎట్లా చంపడమని అతడు తర్కించుకుంటే, ఆమె అతని పౌరుషాన్నే ఎత్తిపొడుస్తుంది. అయినా నిద్రించే రాజులో తన తండ్రి పోలిక కనిపించగా ఆమె చేయి ఆడలేదు. ఆమె పతనానికి బీజం అక్కడే ఉంది. హత్యానంతరం, ఇక నిద్ర లేదన్న కేక వినిపించిందని భర్త వణికిపోతే, చేతులకు అంటిన రక్తం కాసిని నీళ్లతో పోతుందని ఆమె ధైర్యం చెబుతుంది.

అక్కడినుండి పాత్రలు తారుమారవుతాయి. జోస్యం విన్న వెంటనే భార్యకు లేఖ వ్రాసి సంతోషం పంచుకున్న మాక్బెత్, బాంకోను చంపించే పన్నాగాన్ని ఆమెకు చెప్పడు. విందులో బాంకో ప్రేతాన్ని చూసి బెదిరినవాడే, కొంతకాలానికి మాక్డఫ్ భార్యాబిడ్డలను నిష్కారణంగా హతమార్చే కర్కశుడవుతాడు. అతని అపరాధభావం పశ్చాత్తాపం కాలేదు. మరొక నేరానికి మెట్టయింది.

భార్యలో అదే భావం లోలోపల దహించే అగ్ని అయింది. తన కత్తి చేసే గాయం తనకే కనపడనంతటి చీకటిని కోరుకున్న ఆ స్త్రీకి, ఇప్పుడు పక్కన దీపం లేనిదే రాత్రి గడవదు. నిద్రలో నడుస్తూ, లేని రక్తపు మరకను చేతులు రుద్ది రుద్ది కడుగుతుంది. ఈ రోగానికి కావలసినది తాను కాదు, దైవమని వైద్యుడు చేతులెత్తేస్తాడు.

తుదకు ఆమె మరణవార్త వచ్చినప్పుడు మాక్బెత్ కంట నీరు రాదు. ఈ మాటకు మరొక వేళ ఉండవలసిందని నిట్టూర్చి, బ్రతుకంతా అర్థంలేని కథగా తోస్తున్నదంటాడు. ఎవరితో పంచుకోవాలని సింహాసనం కోరుకున్నాడో, ఆమె కోసం దుఃఖించే శక్తి కూడా అతనికి మిగలలేదు. నాటకంలో ఇంతకన్న భయానకమైన ఘట్టం లేదనిపిస్తుంది.

ఈ కథ ఒక్క స్కాట్లండ్‌దే కాదు. 1979లో బి.వి. కారంత్ దీనిని యక్షగాన ఫక్కీలో ‘బర్నమ్ వన’గా హిందీ రంగస్థలానికి తెచ్చారు. 2003లో ‘మక్బూల్’ చలనచిత్రం ముంబయి నేరప్రపంచంలో ఇదే కథను నడిపింది.

ఎదగాలనుకోవడం దోషం కాదు. కొలువులో పై మెట్టు కోరుకోని ఉద్యోగి ఉండడు. అయితే ఆ మెట్టు మీద నిలిచిననాడు ఇంట్లోవారి కళ్లలోకి సూటిగా చూడగలమా, రాత్రి నిశ్చింతగా కన్ను మూయగలమా అని ముందే ప్రశ్నించుకోవాలి. మాక్బెత్ దంపతులకు ఆ ప్రశ్న ఎదురయ్యేసరికి కాలం మించిపోయింది.