తెల్లగుట్టకు వెలుతురు లెక్క

మంచుకొండను ఫోటో తీసేవాళ్లకు మొదటి చిక్కు మంచుతో కాదు, కెమెరాతో. ఎదుట ఉన్నదంతా సగటున నడిమి బూడిదరంగులో ఉంటుందని లెక్కవేసుకునేలా మీటరును తయారుచేశారు. చెట్టూ చేమా ఉన్నచోట ఆ లెక్క నడిచిపోతుంది. ఫ్రేమంతా తెల్లగా ఉంటే మాత్రం వెలుతురు ఎక్కువైందనుకుని అది కోత పెడుతుంది. కొండ మాసిన పంచెలా వస్తుంది.

ఈ పాఠానికి అంటార్కిటికా దాకా పోనక్కర్లేదు, బెంగళూరులో మారికుప్పం బండెక్కితే చాలు. అది చేరే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో సైనైడ్ దిబ్బలని పిలిచే పాలిపోయిన గుట్టలున్నాయి. ఇక్కడ బంగారం తవ్వడానికి 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఈ రెండింటి నడుమ రాయిని పిండిచేసి, బంగారాన్ని సైనైడ్ నీళ్లలో కరిగించుకుని, మిగిలిన బురదను బయట పోశారు. ఆ పద్ధతికి 1887లో పేటెంటు పొందినవాళ్లు గ్లాస్గోవాళ్లు. పిండి ఇక్కడే ఉంది. మంచుకొండలో పదింట తొమ్మిది వంతులు నీటి అడుగునే ఉంటాయంటారు. ఇక్కడ ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి దిగింది, అడుగున ఉన్నదే పైకొచ్చి కూర్చుంది.

దిబ్బ మంచు అంత తెల్లనిది కాదు. అందుకే మంచుకు ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాపుల దాకా పెంచేవాళ్లు ఇక్కడ ముప్పావు, మహా అయితే ఒకటితో ఆగాలి. హిస్టోగ్రాం కుడివైపు జరగాలి గానీ గోడకు గుద్దుకోకూడదు. తెలుపు ఒకసారి పేలిపోతే రా ఫైలు కూడా కాపాడలేదు. వేళ కూడా ముఖ్యమే. వానలు కోసిన చారలే ఈ దిబ్బలకున్న అందం. మిట్టమధ్యాహ్నం ఎండ వాటిని చదును చేసేస్తుంది. పొద్దున్నే పక్కనుంచి పడే వెలుతురులో ప్రతి చార వెనకా ఒక నీడ ఉంటుంది. గాలి లేచిన రోజు దిబ్బ దగ్గరికి పోవద్దు. లెన్సు తుడుచుకోవచ్చు, ఊపిరితిత్తులను తుడుచుకోలేం.

ఇక ఎడిటింగ్. ముందు ఎక్స్‌పోజర్ సరిచూసి, తర్వాత రంగు పట్టించుకోవాలి. గడ్డకట్టిన మంచు ఎరుపును మింగి నీలాన్ని వదులుతుంది కాబట్టి మంచుకొండ పగుళ్లలోని నీలం దాని సొంతం. దిబ్బకు అలాంటి నీలం లేదు. పారదర్శకమైన క్వార్ట్జ్ నలిగి పొడైతే అన్ని రంగులనూ చెదరగొట్టి తెల్లబడుతుంది. ఇనుము తుప్పుపట్టినచోట కాస్త పసుపు తగులుతుంది. నీడలో నీలం కనిపిస్తే అది ఆకాశం ఇచ్చిన అప్పు. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపును దోషమనుకుని కడిగేస్తుంది. దాన్ని కొద్దిగా వెచ్చగా వెనక్కి లాగితే కోలారు కోలారులా ఉంటుంది. క్లారిటీ స్లయిడర్ దగ్గర చెయ్యి అదుపులో పెట్టుకోవాలి, లేకపోతే పిండి కాస్తా ఇనుప రజనవుతుంది.

ప్రశాంత్ నీల్ తీసిన 'కేజీఎఫ్' సినిమా 2018లో వచ్చింది. ఈ దిబ్బల మీదే కొంత షూటింగ్ జరిగినా, తెరమీద ఆ లోకమంతా మసిబారి కనిపించింది. కథకు అది కావాలి, తప్పేం లేదు. కానీ అది చూసి వచ్చినవాళ్లు తమ ఫోటోల్లోనూ అదే నలుపు పూస్తున్నారు. బంగారు గని ఊరు బొగ్గు గని ఊరై కూర్చుంటోంది.

ఫోటోలో ఉన్నదాన్ని ఇలా మార్చి చూపే అలవాటు కొత్తదేం కాదు. అన్వేషకుడు షాకిల్టన్ వెంట మంచుఖండానికి వెళ్లిన ఫోటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ వేర్వేరు నెగటివ్‌లను కలిపి ఒకే చిత్రంగా అచ్చువేసేవాడు. 1917లో మొదటి ప్రపంచయుద్ధ రంగంలోనూ అదే చేస్తానంటే ఆస్ట్రేలియా యుద్ధ విలేకరి చార్లెస్ బీన్ పోట్లాడాడు. బీన్ పక్షానే నా ఓటు, కొంత సడలింపుతో. సెన్సర్ మీది దుమ్ముచుక్క చెరపండి, గాలికి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరూ చెరపండి. దిబ్బ పక్కన తుప్పుపట్టిన హెడ్‌గేర్‌ను, అంటే గని బావి మీది చక్రాల గోపురాన్ని, మాత్రం ఉంచండి, గుట్ట ఎంత ఎత్తో చెప్పేది అదే. కరెంటు తీగలనూ వదిలేయండి. శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్లు లాగి 1902లోనే ఈ గనులకు కరెంటు తెచ్చారు. దేశంలో చాలా నగరాలు అప్పటికి లాంతర్లతోనే ఉన్నాయి.